ఫిరంగి మామ సాక్ష్యం

"ఈసారి ఒడిబియ్యం పోయించుకుందామా?" అని నేను అడిగిన రోజు మా ఆవిడ నవత చేతిలోని ఉప్మా గిన్నె కింద పెట్టి, నా నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. జ్వరం లేదని తేలాక అసలు భయం పట్టుకుంది ఆమెకు.

మన దగ్గర ఆడపిల్లకు పెళ్ళయిన మూడో ఏటో, ఐదో ఏటో, ఏడో ఏటో పుట్టింటివాళ్ళు పసుపు కలిపిన బియ్యం తెచ్చి ఒడిలో పోస్తారు కదా. కూతురికి చీర, అల్లుడికి బట్టలు పెడతారు. నలుగురిని పిలిచి అన్నం పెడతారు. మూడో ఏడు నేను షోరూంలో స్టాకు లెక్కింపు ఉందని తప్పించుకున్నాను. ఐదో ఏడు నడుంనొప్పి అన్నాను. రెండుసార్లూ అసలు కారణం ఒకటే. ఆదివారం పొద్దున నాకు యుద్ధాలుంటాయి.

"ఏందయ్యా, పానం మంచిగనే ఉన్నదా?" అంది నవత.

"ఏడో ఏడు నడుస్తుంది గదా. మీ బాపును, అవ్వను పిలుద్దాం. మనింట్లనే చేద్దాం."

"మొన్న మా అన్న కొడుకు పుట్టెంటికలకు రమ్మంటే విమానం ఇంక దిగలే అన్నవ్."

"గది వేరే. ఇది ఆచారం."

ఆచారం అన్న మాట నా నోట రావడం ఏడేళ్ళలో అదే మొదలు. నవత నన్ను కింది నుంచి పైదాకా చూసింది. ఆమె ఆర్టీసీ కండక్టర్ అని మీకు చెప్పానో లేదో. మీసాలొచ్చిన వాడిని చూపించి "పోరనికి ఐదేండ్లే" అనేవాళ్ళను, "పాసు ఇంట్ల మర్శిన" అనేవాళ్ళను రోజుకు నాలుగు వందల మందిని చూసే మనిషి. అటువంటి మనిషి ముందు అబద్ధం ఆడాలంటే గుండె ధైర్యం కావాలి, లేదా తెలివి ఉండకూడదు. నాకు ధైర్యం లేదు.

ఇక నా యుద్ధాల సంగతి. పగలు నేను కరీంనగర్‌లో గ్రానైట్ షోరూంలో పలకలు కొలుస్తాను. సాయంత్రాలు, ఆదివారాలు యుద్ధవిమానం నడుపుతాను. కంప్యూటర్లోనే లెండి, కంగారు పడకండి. నాలాంటి వాళ్ళు పద్దెనిమిది మందిమి కలిసి ఒక దళం పెట్టుకున్నాం. పేరు ఆకాశరామన్న స్క్వాడ్రన్. ఒకరి ముఖం ఒకరికి తెలియకుండా ఆకాశంలో తిట్టుకునే వాళ్ళకు ఇంతకన్నా తగిన పేరు దొరకదని నేనే పెట్టాను.

మాలో టర్బో తిరుపతి ఉన్నాడు, మిస్సైల్ మల్లేశం ఉన్నాడు. రన్‌వే రంజిత్ ఉన్నాడు, వాడు రెండేళ్ళుగా రన్‌వే మీదే ఉన్నాడు. వీళ్ళందరికీ పైన వింగ్ కమాండర్ సదానందం, అంటే నేను. షోరూంలో నన్ను "ఓ సదానందం" అంటారు. ఇంట్లో "ఏందయ్యా" అంటారు. నన్ను సార్ అని పిలిచే చోటు భూమ్మీద ఎక్కడా లేకపోయేసరికి ఆకాశంలో వెతుక్కున్నాను. నవ్వకండి. ఆ పిలుపు వినడానికి నేను ఆదివారం కోసం సోమవారం నుంచే ఎదురుచూసేవాణ్ణి.

అటువంటి కుర్చీకి నిప్పు పెట్టింది ట్రేసర్.

ట్రేసర్ అంటే ఏమిటో నవతకు ఒకసారి చెప్పాను.

"గుండ్లకు లైట్లెందుకయ్యా? సచ్చెటోనికి తొవ్వ కనవడాలెనా?" అంది.

"సచ్చెటోనికి కాదే, కొట్టెటోనికి! గుండు ఎటు పోతుందో తెల్వాలె గదా. అందుకే నడుమ నడుమ గుండు తోకకు మండే మందు పెడ్తరు. అది మండుకుంట పోతది."

"మరి ఇన్నేండ్ల సంది గా మంటను సూసుకుంటనే కొడ్తున్నవ్. ఒక్కటన్న తాకిందా?"

నేను హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాను.

మొదట్లో మా ఆటలో ట్రేసర్లు పొడుగాటి ఎర్రని గీతల్లా ఉండేవి. సూటిగా సర్రున పోయేవి. చూడముచ్చటగా ఉండేవి. ఈమధ్య ఆట తయారుచేసేవాళ్ళు వాటిని మార్చేశారు. ఇప్పుడు చిన్న చిన్న నిప్పు ఉండలు ఒకదాని వెనుక ఒకటి పోతాయి, దూరం పోయాక వంగుతాయి, ఆరిపోతాయి. నిజంగా ఉండేది ఇట్లాగేనట. ఇష్టం లేనివాళ్ళు పాత గీతలే పెట్టుకోవచ్చు, కానీ దళమంతా ఏదో ఒకదానికే కట్టుబడాలి. దాంతో ఆకాశరామన్నలు రెండు పార్టీలయ్యారు. గీతల పార్టీకి నేను నాయకుణ్ణి. ఉండల పార్టీకి భైంసా బాంబర్.

భైంసా బాంబర్ అసలు పేరు అరుణ్‌కుమార్. భైంసాలో పత్తి మిల్లులో మెషిన్ నడుపుతాడు. మనిషి మర్యాదస్తుడు, అదే నాకు మంట. "సార్, సినిమాలల్ల, వీడియోలల్ల గీతలు కనవడేది కెమెరా వల్ల సార్. కెమెరా కన్ను తెరిచి ఉన్నంతసేపు గుండు జరుగుతది, అందుకే గీత పడ్తది. మనిషి కంటికి అట్ల కనవడది సార్" అని మూడు పేజీలు రాశాడు. మూడు పేజీల్లో పదకొండు సార్లు సార్ అన్నాడు. అట్లాంటి వాణ్ణి ఎట్లా తిడతాం?

మీతో దాచడమెందుకు, నాకు గీతలే ఎందుకు కావాలంటే గీతలుంటేనే నాకు గురి కుదురుతుంది. గీతను లాక్కుంటూ పోయి ఎదుటి విమానం మీద పెట్టడమే, పైపుతో చెట్లకు నీళ్ళు పట్టినట్టు. ఉండలైతే ముందే లెక్క వేసి కొట్టాలి. ఉండలొచ్చిన మూడు వారాల్లో నేను కూల్చింది ఒక్కటే విమానం. అది మిస్సైల్ మల్లేశానిది, మా వాడే.

అందుకని ఒక రోజు షోరూంకు సెలవు పెట్టి, నవత డ్యూటీకి పోయాక ప్రయోగం చేశాను. పడకగదికి చుట్టూ దుప్పట్లు కట్టి చీకటి చేశాను. ఒక చేత్తో వెలిగించిన ఊదుబత్తి తిప్పుతూ రెండో చేత్తో ఫోన్లో ఫోటో తీశాను. ఎంత చక్కని ఎర్ర గీత వచ్చిందో! ఆ ఆనందంలో ఊదుబత్తి దోమతెరకు తగిలింది. అరచెయ్యంత రంధ్రం. ఫోటో మాత్రం గ్రూపులో పెట్టాను: "చూసుకోండి, నిప్పు అంటే గీతే."

భైంసా బాంబర్ వెంటనే రాశాడు: "ఫోటోల గీత వచ్చింది సార్. మరి మీ కంటికి ఏమొచ్చింది?"

నా కంటికి నవత వచ్చింది. డ్యూటీ దిగి గుమ్మంలో నిలబడి ఉంది.

"దోమలకు దర్వాజ పెట్టినవా?" అని అడిగింది.

ఆ వేడిలోనే నేను గ్రూపులో ఒక ప్రతిజ్ఞ చేసేశాను. "మా మామ సైన్యంలో ఇరవై రెండేళ్ళు విమానాల మీదికి ఫిరంగులు పేల్చిన మనిషి. ఆదివారం పదకొండున్నరకు ఆయన్నే వీడియో కాల్‌లో కూర్చోబెడతాను. ఆయన గీత అంటే అందరూ గీతే పెట్టుకోవాలి. ఉండ అంటే నేను వింగ్ కమాండర్ కుర్చీ దిగుతాను. భైంసా బాంబర్ ఎక్కుతాడు." పదిహేడు మందీ సరే అన్నారు. రంజిత్ అయితే రన్‌వే మీద నుంచే సెల్యూట్ పెట్టాడు.

ఇప్పుడు తెలిసింది కదా ఒడిబియ్యం ఎందుకు గుర్తొచ్చిందో.

మా మామ రాయమల్లుది ఇచ్చోడ. ఊరంతా ఫిరంగి రాయమల్లు అంటారు. ఏటా పంద్రాగస్టుకు బడిలో జెండా ఎగరేసేది ఆయనే. గోడ మీద యూనిఫాం ఫోటో ఉంటుంది. కానీ ఏడేళ్ళలో నాతో ఒక్కసారి కూడా ఫిరంగి మాట ఎత్తలేదు. పెళ్ళిలో నేనే అడిగితే "తిన్నవా అల్లుడా?" అని మాట మార్చాడు. నవత కూడా అప్పుడే చెప్పింది, "బాపును ఫిరంగుల ముచ్చట అడగకు, గాయిన పరేషాన్ అయితడు" అని. ఎన్ని యుద్ధాలు చూశాడో పాపం అనుకున్నాను. నా కుర్చీ కోసం ఒక్క అరగంట పరేషాన్ అయితే ఏం పోయిందిలే అని కూడా అనుకున్నాను. అల్లుళ్ళ మనసు అట్లా ఉంటుంది.

"నలుగురిని పిలుద్దామన్నవ్ గదా, పిలిచిన" అంది నవత బుధవారం.

"ఎంతమందిని?"

"నలభై. మా డిపోల ఇరవై మంది, చుట్టాలు పది మంది, గల్లీల పది మంది. రెండుసార్లు ఎగ్గొట్టినవ్, గా బాకీ సుత కలిపిన."

వంటకు సాంబయ్యను మాట్లాడాం. తొమ్మిదింటికి వచ్చి పెరట్లో పొయ్యి పెడతానన్నాడు. అక్కడే నా బుర్ర పని చేసింది, ఎప్పుడూ తప్పు చోటే పని చేస్తుంది అది. పెరడు నా కంప్యూటర్ గది గోడ అవతలే. నలభై మందికి వండే గంజులు, గంటెలు, సాంబయ్య గొంతు, అన్నీ కాల్‌లో వినపడతాయి. సాక్ష్యం ఆగమవుతుంది. అందుకని నవతకు తెలియకుండా సాంబయ్యకు ఫోన్ చేసి ఒకటిన్నరకు రమ్మన్నాను. పిలిచింది పన్నెండున్నరకు కదా అంటారా? మన దగ్గర పన్నెండున్నర భోజనం అంటే మూడింటికి. ఇన్ని దావతులు తిన్నాను, ఆమాత్రం తెలియదా?

నాకు తెలియనిది ఒకటే. డిపో మనుషులు టైమంటే టైమే.

శనివారం సాయంత్రానికి అత్తామామ దిగారు. అత్త శంకరవ్వ ఐదు కిలోల బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, పసుపు, పట్టుచీర తెచ్చింది. ఆదివారం పొద్దున పదింటికి ఒడిలో బియ్యం పోస్తుంటే నవత ముఖం చూశాను. ఏడేళ్ళుగా ఈ ఒక్క పూట కోసం ఎదురుచూసినట్టు ఉంది. ఇంత చిన్న పనిని రెండుసార్లు ఎగ్గొట్టానా అని నా మీద నాకే సిగ్గేసింది. ఒక నిమిషం పాటు. తర్వాత గడియారం చూశాను.

పదకొండున్నరకు, అత్త పెట్టిన కొత్త చొక్కా మెడలోని అట్టముక్క నాకు గుచ్చుకుంటుండగా, మామను కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాను. తెర మీద పదిహేడు ముఖాలు. ఫోన్లో కూడా కాల్ కలిపి చేతిలో పట్టుకున్నాను, ఒకటి ఆగినా రెండోది ఉంటుందని.

"వీళ్ళు మా దళం మామా. మిమ్ముల్ని సూడాలన్నరు."

మామ లేచి నిలబడి "జై హింద్" అన్నాడు. పదిహేడు గొంతులు "జై హింద్ సార్" అన్నాయి. ఆ సార్ నాకు కాదని అర్థమై, నేనూ కెమెరాలోకి కొంచెం జరిగాను.

భైంసా బాంబర్ అడిగాడు: "సార్, మీరు పెద్దోళ్ళు. మాకు ఒక్కటే చెప్పుండ్రి. ట్రేసర్ గుండు మబ్బుల పోతుంటే గీత లెక్క కనవడ్తదా, ఉండ లెక్క, లైటు బుగ్గ లెక్క కనవడ్తదా?"

మామ కండువాతో ముఖం తుడుచుకున్నాడు.

"మీరంత తిన్నరా బిడ్డా?"

"ఇంక లేదు సార్."

"ఎంతమంది ఉన్నరు?"

"పద్దెనిమిది మందిమి సార్."

"పద్దెనిమిది మంది ఉపాసమేనా? ఉత్త కడుపుతోని యుద్ధం ఏంది? ముందు తినుండ్రి పోండ్రి."

"ఏం కమాండ్ ఉందిరా సార్‌కు!" అని మిస్సైల్ మల్లేశం కింద రాశాడు.

నేను ఆటలోని పాత వీడియో పెట్టాను. ఎర్రని గీతలు సర్రుసర్రున పోతున్నాయి. "గిట్లనే ఉంటయి గదా మామా? ఒక్కసారి గీత అనుండ్రి, సాలు."

మామ తెర వైపు చూశాడు, నా వైపు చూశాడు. చెమటలు కారిపోతున్నాయి. "అల్లుడా, గప్పుడు నేను..." అని ఆగిపోయాడు. మళ్ళీ మొదలుపెట్టాడు, మళ్ళీ ఆగాడు. ఇట్లా ఇరవై నిమిషాల్లో మా దళంలో అందరి పిల్లల పేర్లూ, చదువులూ అడిగాడు గానీ ట్రేసర్ దగ్గరికి మాత్రం రాలేదు.

అంతలో వాకిట్లోంచి నవత బస్సు గొంతు వినిపించింది. ఆ గొంతుకు వెనక సీటువాళ్ళు కూడా చిల్లర తీస్తారు.

"ఏమయ్యో! సాంబయ్య రాలే! ఫోన్ సుత కలుస్తలేదు!"

పరుగెత్తాను. పన్నెండు కూడా కాలేదు, అప్పుడే గేటు దగ్గర పదిమంది కండక్టర్లు నిలబడి ఉన్నారు. పెరట్లో పొయ్యి చల్లగా ఉంది. గంజులు బోర్లించి ఉన్నాయి.

"వస్తడు గావచ్చు... ఒకటిన్నర వరకు..." అన్నాను.

"ఒకటిన్నరకా? రెండింటికి పన్నెండు మంది డ్యూటీ ఎక్కాలె. కోమలక్క నిర్మల్ బండి, వనజ జగిత్యాల బండి. నా ఒడిబియ్యం నాడు నా దోస్తులను ఉత్త కడుపుతోని బస్సు ఎక్కియ్యమంటవా?"

"హోటల్‌కు ఫోన్ చేద్దాం."

"నలభై మందికి? గిప్పటికిప్పుడు?"

వెనుక నుంచి ఒక గొంతు వచ్చింది. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు.

"ఎంతమంది?"

"నలభై బాపూ."

"ముందుగాల లేచేటోళ్ళు?"

"పన్నెండు మంది. రెండింటికి డిపోల ఉండాలె."

మా మామ చొక్కా విప్పి దండెం మీద వేశాడు. కండువా నడుముకు బిగించాడు. అప్పటిదాకా వంగి ఉన్న వీపు నిటారుగా అయింది. "కట్టెలు ఈడ. నీళ్ళు ఆడ. ఉప్పు నేనే వేస్త, ఎవ్వలు ముట్టద్దు. అల్లుడా, నిలవడి సూస్తవేంది? ఉల్లిగడ్డలు కొయ్యి!"

కోశాను. ఏడుస్తూ కోశాను. అత్త మసాలా నూరింది, కండక్టర్లు టమాటాలు తరిగారు, కోమలక్క కోడిమాంసం కడిగింది. మామ ఎసరును చేత్తో కొలవలేదు, గిన్నెతో కొలవలేదు, ఊరికే చూసి "సాలు" అన్నాడు. ఒక చేత్తో బగారా అన్నం, ఇంకో చేత్తో పప్పుచారు, నోటితో మా అందరినీ కలుపుతున్నాడు. కాళ్ళకు చక్రాలున్నట్టు తిరిగాడు అరవై నాలుగేళ్ళ మనిషి.

కళ్ళు తుడుచుకోవడానికి చెయ్యి ఎత్తితే గుర్తొచ్చింది. నీళ్ళ తొట్టికి ఆనించి పెట్టిన నా ఫోన్లో కాల్ ఇంకా నడుస్తూనే ఉంది. పదిహేడు మంది ఆకాశరామన్నలు కళ్ళార్పకుండా చూస్తున్నారు.

"పెద్దనాయినా!" అన్నాడు రన్‌వే రంజిత్ ఫోన్లోంచి. "నాది ఇచ్చోడ పక్కనే. సిన్నప్పుడు మీరు జెండా ఎక్కిస్తే లడ్డు కోసం లైన్ల నిలవడ్డ. ఫిరంగులు పేల్చిన మీరు గింత మంచిగ వండుడు యాడ నేర్చిండ్రు?"

గంటె ఆగిపోయింది. నవత వచ్చి ఆయన పక్కన నిలబడింది. పొయ్యిలో ఒక కట్టె సర్దింది.

"నేను ఫిరంగి పేల్చలే బిడ్డా" అన్నాడు మామ. గంజు వైపే చూస్తూ అన్నాడు. "ఫిరంగి పేల్చెటోళ్ళకు వండిన. ఇరవై రెండేండ్లు. మా రెజిమెంటు లంగర్‌ల వంటోన్ని నేను. మొదటిసారి సెలవు మీద వస్తె ఊళ్ళె అడిగిండ్రు, యాడ జేస్తున్నవ్ రా అని. ఫిరంగుల కాడ అన్న. అది నిజమే గదా. తెల్లారేసరికి ఫిరంగి రాయమల్లు అయిన. కాదని చెప్పేతందుకు నోరు రాలే. గట్లనే నలభై ఏండ్లు అయింది."

పొయ్యి మీద పప్పుచారు పొంగింది, ఆయనే మూత తీశాడు.

ఆ క్షణంలో మంచి అల్లుడు ఏం చేస్తాడో నాకు తెలుసు. నేను ఏం చేశానో చెబుతాను. నా బుర్రలో ఒక దీపం వెలిగింది. మామ ఫిరంగి పేల్చలేదంటే సాక్ష్యం చెల్లదు. సాక్ష్యం చెల్లకపోతే నా కుర్చీ నాకే!

"అయితే మామకు ట్రేసర్ల సంగతి తెల్వదన్నట్టు" అన్నాను ఫోన్ దగ్గరికి వంగి. "వంటకాడ ఉన్న మనిషికి ఏం కనవడ్తది? గిది లెక్కలకు రాదు."

అనేశాక మామ ముఖం చూశాను. చెంప దెబ్బ తిన్న పిల్లాడిలా ఉన్నాడు. నాలుక కరుచుకున్నాను, కానీ అప్పటికే మాట బయటికి పోయింది. నవత నా వైపు చూడను కూడా లేదు. తిట్టినా బాగుండేది.

మామే గంటెతో గంజు అంచు మీద టక్కున కొట్టాడు.

"తెల్వకేంది అల్లుడా? ఫిరంగి కాడ ఒకడు గుండ్లు ఎక్కిస్తడు. ఒకడు అద్దంల కన్ను పెడ్తడు. ఒకడు మీటలు తిప్పుతడు. తలెత్తి మబ్బు దిక్కు సూసే తీరిక గాళ్ళల్ల ఎవ్వనికున్నది? పొద్దుమూకంగ ప్రాక్టీసు మొదలైతుండె. నేను ఎనుక పొయ్యి కాడ నిలవడి రొట్టెలు కాల్చుకుంట మొత్తం సూస్తుంటి. రెజిమెంటు మొత్తంల పురాగ సూసింది నేనొక్కన్నే."

భైంసా బాంబర్ ముఖం తెర నిండా వచ్చింది. "చెప్పుండ్రి సార్. ఎట్లుంటది?"

"గీతలు గావు బిడ్డా. బుగ్గలు. ఫిరంగి మూతి కాడ రెప్పపాటు జర తోక ఉన్నట్టు కొడ్తది, గంతే. మీదికి పోయినంక ఎర్రటి బుగ్గ. దానెనుక ఇంకోటి, దానెనుక ఇంకోటి. మస్తు జోరుగ పోతున్నయని మనకు ఎరుకే, గని కంటికి నిమ్మళంగ పోయినట్టే ఉంటది. పోంగ పోంగ వంగుతయి. ఇగ ఒక్కొక్కటి దీపం మలిపినట్టు ఆరిపోతయి. మొదటిసారి సూసిన నాడు రొట్టె మాడవెట్టిన. మా సుబేదారు గా మాడిన రొట్టె నాతోనే తినిపిచ్చిండు."

"మరి ఫోటోలల్ల గీతలు?" అన్నాను, ప్రాణం ఒప్పుకోక.

"మా ఆఫీసరు ఒకసారి ఫోటో తీసిండు. కడిగించి తెచ్చినంక సూస్తె అన్ని గీతలే. సాబ్, గివ్వి నేను సూసినయి గావన్న. నీ కన్ను వేరు, కెమెరా కన్ను వేరు రాయమల్లూ అన్నడు."

భైంసా బాంబర్ లేచి నిలబడి సెల్యూట్ చేశాడు. పత్తి మిల్లులో పనిచేసే మనిషి, వెనకాల పత్తి బస్తాలు, కళ్ళలో నీళ్ళు. ఒకరి తర్వాత ఒకరు పదిహేడు మందీ లేచారు. నేను కూడా లేచాను, ఎందుకంటే ఉల్లిగడ్డల బుట్ట నా కింద విరిగింది.

"సార్" అన్నాడు భైంసా బాంబర్, నాతోనే, "మీరు కుర్చీ దిగాలె. మాట ఇచ్చిండ్రు."

"దిగుతున్న" అన్నాను. "ఎక్కు."

"నాకొద్దు సార్. ఆకాశాన్ని పురాగ సూసిన మనిషి ఒక్కడే ఉన్నడు. రాయమల్లు సారే మన వింగ్ కమాండర్. ఒప్పుకున్నోళ్ళు చెయ్యెత్తుండ్రి."

పదిహేడు చేతులు లేచాయి. వాకిట్లో ఉన్న కండక్టర్లు కూడా, ఎందుకో తెలియకుండానే, ఎత్తారు.

"నాకు విమానం నడుపరాదు బిడ్డా" అన్నాడు మామ కంగారుగా.

"మా అల్లునికి సుత రాదు, ఏడేండ్లాయె సూడవట్టి" అంది అత్త మసాలా చెయ్యి కడుక్కుంటూ. "ఒప్పుకో."

"ఒప్పుకున్నడు!" అని ఆయన తరఫున నవత గట్టిగా చెప్పింది. బండి కదలడానికి రైట్ రైట్ అన్నట్టే అంది.

కొత్త వింగ్ కమాండర్ మొదటి ఆజ్ఞ నాకే వచ్చింది. "అల్లుడా, పుదీన తక్కువైంది. ఉరుకు."

ఉరికాను. ఒంటి గంటా ఐదుకు మొదటి పంక్తి కూర్చుంది. పన్నెండు మందీ కడుపు నిండా తిని ఒకటీ నలభైకి డిపోకు బయలుదేరారు. కోమలక్క నిర్మల్ బండికి ఒక డబ్బా కూడా కట్టించుకుంది. తింటున్నంతసేపూ తనకూ ఒక డబ్బా పంపమని రంజిత్ ఫోన్లోంచి బతిమాలుతూనే ఉన్నాడు.

"ఈ పంద్రాగస్టుకు జెండా కాడ నేనే చెప్త బిడ్డా" అన్నాడు మామ వాడితో. "ఫిరంగి అన్న పేరు మీరే ఇచ్చిండ్రు, మీరే వాపస్ తీసుకోండ్రి అని చెప్త."

"చెప్పుండ్రి పెద్దనాయినా, గని పేరు మాత్రం మేము వాపస్ తీసుకోం. ఈసారి లడ్డూలు మీరే చెయ్యుండ్రి."

మామ గట్టిగా నవ్వాడు. ఆయన నవ్వు అంత పెద్దదని నాకు ఏడేళ్ళుగా తెలియదు. "ఇగ నిద్ర పడ్తది గాయినకు" అంది అత్త నెమ్మదిగా, ఎవరితోనూ కాకుండా.

సాయంత్రం నేను గంజులు తోముతుంటే నవత కొత్త పట్టుచీరలోనే పక్కన పీట వేసుకుని కూర్చుంది. మధ్యాహ్నం నేనన్న మాటకు మామను క్షమాపణ అడిగానని చెప్పాను. "ఏమన్నడు?" అంది. "తిన్నవా అల్లుడా అన్నడు" అన్నాను. నవ్వింది. అప్పుడు ధైర్యం చేసి అడిగాను.

"ఒకటిన్నరకు సుత సాంబయ్య రాలే. ఎందుకంటవ్?"

"నేనే రావద్దన్న."

తోముతున్న గంజు పక్కన పెట్టాను.

"నువ్వు గాయినకు ఫోన్ చేసినవో లేదో, గాయిన నాకు చేసిండు. పన్నెండున్నర తిండికి ఒకటిన్నరకు రమ్మంటుండు అక్కా, మీ ఆయన మతి మంచిగున్నదా అని. ఫికర్ చెయ్యకు, అసలే రాకు, ఫోన్ సుత బంద్ పెట్టుకో అన్న."

"నలభై మందిని పెట్టుకొని?"

"మా బాపు మూడు వందల మందికి వండిండు. నలభై మంది ఎంత? సామాన్లన్ని తెప్పిచ్చే ఉంచిన గదా. నువ్వు రోజు గా గదిల మొత్తుకుంటుంటే గల్లీ అందరికి వినవడ్తది. ఆదివారం మా మామను కూసోవెడ్త, కుర్చీ దిగుత అని. నాకు వినవడదా?"

"నన్ను ముందే వద్దంటే అయిపోతుండె గదా."

నవత ఆ గంజు మళ్ళీ నా ముందుకు నెట్టింది. "నలభై ఏండ్ల సంది మా బాపు గా పేరు మోస్తుండు. పంద్రాగస్టు వస్తుందంటే వారం ముందుకెళ్ళి అన్నం తినడు. నువ్వు కుర్చీల కూసోవెట్టి అడిగితే గాయిన అబద్ధమన్న ఆడాలె, సిగ్గన్న పడాలె. చేతుల గంటె ఉంటే రెండు అక్కరలేదు."

నేను గంజు తోముతూ ఉండిపోయాను. నా కుర్చీ కోసం నేనొక పథకం వేస్తే, ఆమె దాన్నే తీసుకుని ఒడిబియ్యం పోయించుకుంది, వాళ్ళ నాన్న బరువు దింపింది, నా కుర్చీ కూడా తీసుకుపోయి ఆయనకు వేసింది. ఖర్చు మాత్రం నాది.

"ఒక్కటి చెప్పు" అన్నాను. "ఒడిబియ్యం అన్నది అబద్ధమని ఎప్పుడు తెలిసింది? మొత్తుకుంటే విన్నప్పుడా?"

"గంత దాంక ఎందుకు? నువ్వు నోరు తెరిచిన నాడే తెల్సింది. టికెట్ తీసుకోనోడు నేను దగ్గరికి రాంగనే కిటికిలకెళ్ళి బయటికి సూస్తడు. ఇది ఆచారం అన్నప్పుడు నువ్వు సుత గట్లనే సూసినవ్."

ఆ రోజు నుంచి ఆమెతో మాట్లాడేటప్పుడు కిటికీ వైపు చూడటం మానేశాను. ఇప్పుడు ఫ్యాను వైపు చూస్తున్నాను. ఫ్యాను వైపు చూసేవాళ్ళు ఏ రకమో కూడా ఆమె ఉద్యోగంలో నేర్పే ఉంటారని నిన్న రాత్రి అన్నం దగ్గర మళ్ళీ దొరికిపోయాక అర్థమైంది.